గుమ్మం దాకా వచ్చినందుకు

గాభరా అని పేరుపడ్డ ఆమెకి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: ఎవరి గుమ్మం ముందైనా అక్కర్లేని మనిషిలా నిలబడాల్సి రావడం. ఇప్పుడు సరిగ్గా అలాగే నిలబడింది. చంకలో పాప, వెనక అత్తగారు, ఎదురుగా మూసిన తలుపు.

"బెల్లు మళ్ళీ కొట్టు," అంది అత్తగారు. "ఈ ఉత్తరాది చలికి మోకాళ్ళు కొయ్యబారిపోతున్నాయి. వస్తున్నామని చెప్పావా లేదా?"

"చెప్పానత్తయ్యా. ఇప్పుడు వీలుపడదని వదిన రాసింది."

"వద్దన్నాక ఎందుకు తీసుకొచ్చావే నన్ను?"

"ఆవిడేమన్నా పరాయిదా?"

గాభరా అన్నది ఫోనులోని స్నేహితురాళ్ళు పెట్టిన పేరు. అందరూ ఆడపిల్లల తల్లులే. చంటిపిల్లల కబుర్ల కోసం గుంపు కట్టుకున్నారు. పాప తుమ్మినా, తుమ్మకపోయినా గాభరా పడి రాసేది ఈమె. విసుక్కోకుండా జవాబు చెప్పేది వదిన. అది కూడా గుంపు పేరే. పాపకి పేరు పెట్టింది వదిన. అత్తగారు వంటింట్లోకి అడుగు పెడితే ఫోను ఎలా ముగించాలో నేర్పింది వదిన. చదువు పదో తరగతిలో ఆగిపోయిందని ఈమె కుమిలిపోతుంటే, "చదువు మధ్యలో ఆగితే బుద్ధి మధ్యలో ఆగుతుందటే మొద్దూ!" అని నవ్వించిందీ ఆవిడే.

"మా ఊరొచ్చి ఇంకెక్కడైనా దిగావో, కాళ్ళు విరగ్గొడతా," అనేది కూడా.

తీరా భర్తకి ఈ ఊళ్ళోనే లిఫ్టులు బిగించే పని దొరికి, ఎగిరి గంతేసి చెబితే ఏమైంది? పొడిపొడి ముక్కలు. 'సరే.' 'చూద్దాం.' 'వీలుపడదు.' టైపు కొట్టే ఓపిక లేదంటూ ఎప్పుడూ గొంతే పంపే మనిషి, ఈమధ్య ఒక్కసారి కూడా గొంతు వినిపించలేదు. దగ్గరికొచ్చేసరికి బరువైపోయామన్నమాట!

లోపల తాళంచెవి తిరిగింది. తలుపు తీసింది వదిన భర్త. మొహం నిండా నవ్వు.

"అయ్యో, చలిలో నిలబెట్టేశానా! క్షమించాలి పెద్దమ్మగారూ." అత్తగారికి చేతులు జోడించాడు. చొక్కా జేబులోంచి పువ్వుల తొడుగేసిన ఫోను తొంగిచూస్తోంది. "తనకి ఒంట్లో బాగుండటం లేదండీ. ఒక్కమాట మాట్లాడి పంపిస్తాను." లోపలికి తిరిగి పిలిచాడు.

వదిన వచ్చి ఆయన భుజం వెనక నిలబడింది. ఫొటోల్లో కంటే సన్నబడింది. గాభరా మొహం విప్పారింది.

"వదినా! నేనే!"

"నమస్కారమండీ," అంది వదిన.

అండీ! గాభరా నవ్వు మొహమ్మీదే ఆరిపోయింది. అయినా కుచ్చుల గౌను తొడిగిన పాపను ముందుకు జరిపింది. కనీసం పిల్లనైనా ఎత్తుకోదా?

ఎత్తుకోలేదు. చెయ్యి కూడా చాపలేదు. "మీ బాబుకి దగ్గు తగ్గిందా?" అంది.

"బాబేంటి?"

"మీ బాబుకి దగ్గు తగ్గిందా?" మళ్ళీ అదే మాట, అప్పజెబుతున్నట్టు.

"ఇంక పడుకో," అన్నాడు భర్త మెత్తగా. "ఈసారి భోజనానికే రావాలి పెద్దమ్మగారూ, ముందే చెబుతున్నా."

తలుపు పడింది. తాళం కూడా పడింది.

మెట్లు దిగుతుంటే గాభరా ఒళ్ళంతా మండిపోయింది. "బాబట అత్తయ్యా, బాబు! పిల్లకి పేరు పెట్టిన నోటితోనే! ఇన్నాళ్ళూ ఎవరితో మాట్లాడుతోందో కూడా గుర్తులేదు మహారాణికి. గుక్కెడు మంచినీళ్ళు ఇస్తే అరిగిపోతారా? కుక్కపిల్ల వచ్చినా ఛీ అనడానికైనా దగ్గరికొస్తారు!"

"నే చెప్తూనే ఉన్నా. ఫోను స్నేహాలు నీళ్ళ మీద రాతలని."

"చదువుకోనిదాన్నని చులకన. ఇంకేముంది?"

"ఆ మహానుభావుడు కాబట్టి అంత పొగరుని భరిస్తున్నాడు. ఎంత మర్యాద! నీ మొగుడు నన్నెప్పుడైనా గారూ అన్నాడా?"

"మీ కొడుకేగా, మీరే నేర్పాల్సింది."

బస్టాపు చేరేసరికి ఫోను మోగింది. నర్సక్క. ఆవిడదీ ఆ గుంపే, ఈ ఊరే, ఇద్దరాడపిల్లల తల్లి.

"కలిశావటే? ఎలా ఉంది వదిన? ఎప్పుడు రమ్మన్నా వీలుపడదని నాకూ సాకులు రాస్తోంది."

గాభరాకి కడుపులో ఉన్నదంతా కక్కేయాలనిపించింది. ఇంతలో అత్తగారు చెవి ఒగ్గి దగ్గరికి జరిగింది. ఎంత కోపమున్నా, ఆవిడ ముందు వదినను తిట్టడానికి మనసొప్పలేదు. నాలుక అలవాటు ప్రకారం వదిన నేర్పిన మాటకే తిరిగింది.

"మీ బాబుకి దగ్గు తగ్గిందా అక్కా?"

అవతల నర్సక్క మారుమాట లేకుండా ఫోను పెట్టేసింది. ఎప్పుడూ అంతే.

"నర్సుకి ఇద్దరూ ఆడపిల్లలేనన్నావు," అంది అత్తగారు. "మధ్యలో ఈ బాబెవడే?"

గాభరా వెనక్కి తిరిగి, వచ్చిన వీధి వైపు చూసింది. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది.

"ఏమైందే? ఆ చూపేంటి?"

పాపను అత్తగారి చేతుల్లో పెట్టి, వచ్చిన దారినే పరుగెత్తింది. పరుగెత్తుతూనే గుంపులో రాయబోయి, పువ్వుల తొడుగేసిన వదిన ఫోను ఆయన జేబులో ఉందని గుర్తొచ్చి ఆగింది. ఊళ్ళో ఉన్న స్నేహితురాళ్ళకి మాత్రం ఒక్కొక్కరికీ విడిగా గొంతు పంపింది:

"ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెంటనే వెళ్ళి చూడండి, వదిన నన్ను బాబు సంగతి అడిగింది."