పాస్‌బుక్కులో పేరు

పదకొండు గంటలకు మంజుల కంప్యూటర్ మూడుసార్లు కీక్ కీక్‌మని మొత్తుకుని మూగబోయింది.

సరిగ్గా ఆ రోజే.

మొయినాబాద్‌లో బస్సులు ఆగే చోటు పక్కనే మంజుల డీటీపీ సెంటర్. ఆమె సొంతూరు సురంగల్. ఆ ఊరి రైతులు ముప్పై ఏడు మంది రాయించుకున్న అభ్యంతర పత్రాలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. సాయంత్రం ఐదులోపు వాటిని చేవెళ్ల ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. లేకపోతే క్యారెట్ మళ్ల నడుమ నుంచి వెంచర్ కంపెనీకి నలభై అడుగుల రోడ్డు పోతుంది.

మంజుల తల్లి జంగమ్మ మడి కూడా అందులోనే.

ఐటీ వచ్చింది, ఐటీ వచ్చింది అని పేపర్లు ఊదరగొడుతున్న రోజులవి. సురంగల్‌కు మాత్రం భూమి కొలిచే టేపు వచ్చింది. రైతులంతా ఒప్పుకున్నారంటూ కంపెనీ అప్పటికే ఆఫీసులో అంగీకార పత్రాలు పెట్టేసింది. ఎవరు ఒప్పుకున్నారో, ఎప్పుడు ఒప్పుకున్నారో ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

ఎప్పుడూ వచ్చే మెకానిక్ సిటీకి పోయాడు. పక్క జిరాక్స్ షాపు పరమేష్ ఇంకొకతనికి ఫోన్ చేశాడు. పేరు బాల్‌రాజ్, చేవెళ్లలో ఒంటిగది షాపు, ఈ రోడ్డు పొడుగునా దుకాణాల కంప్యూటర్లు అతనే చూస్తాడని చెప్పాడు.

గంటలో బాల్‌రాజ్ బస్సు దిగాడు. నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ.

డబ్బా విప్పాడు. ర్యామ్ ముక్క ఊడబెరికి, దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాడు.

తెర వెలిగింది. బెంచీ మీది రైతులు ఊపిరి వదిలారు.

మంజుల మొదటి కాగితం ప్రింటు తీసింది. బాల్‌రాజ్ అది చూసి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"చెల్లె, ఎంకమ్మ అని కొట్టినవు. వెంకమ్మ అని ఉండాలె."

బెంచీ మీద ఉన్న ఎంకమ్మ ఊరుకోలేదు.

"నా మొగుడు గూడ ఎంకి అనే పిలిచిండు బిడ్డా. ఆ వెంకమ్మ ఎవతో నాకు ఎరుక లేదు."

అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. పట్టా పాస్‌బుక్కులో ఉన్న పేరే ఉండాలని, తేడా ఉంటే కంపెనీ వకీలు మొదట పట్టేది దాన్నేనని చెప్పాడు. తెర మీద మిగతా కాగితాలు చూసి, హన్మయ్యను హనుమయ్య చెయ్యమన్నాడు. నర్సింహను నరసింహ చెయ్యమన్నాడు. అట్లా ఏ పాస్‌బుక్కూ తెరవకుండా వరసబెట్టి పదకొండు పేర్లు చెప్పాడు.

మంజుల పాస్‌బుక్కులు తెప్పించి చూసింది. పదకొండూ నిజమే. ఊళ్లో ఎట్లా పిలుస్తారో అట్లాగే కొట్టింది తాను.

తప్పు దొరికినందుకు కాదు, అప్పుడు ఆమెకు ఒళ్లు మండింది వేరే దానికి.

"అన్నా, మా ఊరోళ్ల పాస్‌బుక్కుల ఏమున్నదో నీకెట్ల ఎరుక?"

అతను తల వంచుకుని స్క్రూలు బిగించాడు.

గడప దగ్గర నిలబడ్డ పరమేష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసేది కూడా ఇతనేనన్నాడు.

"అందరివి చూస్త చెల్లె. ఒక మాట చెప్పేదున్నది, జర విను."

"నీ మాట నీ సేటుకే చెప్పుకో. మా పేర్లు నేర్చుకొని రమ్మని పంపిండా? లే. బయటికి నడువు."

బాల్‌రాజ్ లేచాడు. ప్రింట్లన్నీ అయ్యేదాకా కంప్యూటర్ ఆపొద్దని మాత్రం చెప్పి, సంచి భుజాన వేసుకుని చేవెళ్ల బస్సెక్కాడు.

మంజుల పేర్లు దిద్దింది. దిద్దుతున్నంతసేపూ అతన్ని తిట్టింది.

నాలుగున్నరకు ముప్పై ఏడు మందీ ఆటోల్లో చేవెళ్ల చేరారు. ముద్ర వేసిన రసీదు చేతిలో పడేదాకా ఆఫీసు మెట్ల మీంచి ఒక్కరూ కదలలేదు.

మంజుల అక్కడితో ఆగలేదు. మర్నాటి నుంచి ఆ రోడ్డు మీద కంప్యూటర్ ఉన్న ప్రతి దుకాణమూ ఎక్కింది. విత్తనాల కొట్టు, ఫొటో స్టూడియో, మందుల షాపు, దేన్నీ విడిచిపెట్టలేదు. బాల్‌రాజ్ కంపెనీ మనిషి, గడప తొక్కనియ్యొద్దని చెప్పింది. భూమి కోసం కొట్లాడే ఆడమనిషి మాట. అందరూ విన్నారు.

నెల తిరక్కముందే అతని గది షట్టరు మీద కిరాయికి ఇస్తామని సుద్దతో రాసి ఉంది. కంపెనీ వాళ్లు కూడా అతన్ని తీసేశారట అని పరమేష్ అన్నాడు. ఎందుకు తీసేశారని మంజుల అడగలేదు. మంచిదే అయ్యిందనుకుంది.

ఆర్డీవో ముందు విచారణ రోజు వచ్చింది.

కంపెనీ వకీలు లేచి, అంగీకార పత్రాల మీద పేర్లన్నీ పాస్‌బుక్కుల్లో ఉన్నట్టే ఉన్నాయని, వేలిముద్రలు కూడా ఉన్నాయని, రైతులే ఇప్పుడు మాట మారుస్తున్నారని అన్నాడు.

జంగమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది.

"మాట మార్చాలంటే ముందుగాల మాట ఇయ్యాలె గద సారూ. మేము ఇయ్యనే లేదు."

ఇయ్యలేదనడానికి సాక్షి ఎవరని వకీలు అడిగాడు. రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సాక్షి ఉన్నాడన్నాడు ఆర్డీవో.

ఫైలు అడుగు నుంచి చేతిరాత కాగితం ఒకటి తీశాడు. రైతులు వచ్చిన రోజే, వాళ్లకన్నా రెండు గంటల ముందు వచ్చి ఒకతను ఇచ్చి పోయాడని చెప్పి, పైకి చదివాడు.

"అయ్యా, లోన్లు ఇప్పిస్తామని తీసుకున్న పాస్‌బుక్కు జిరాక్సులు ముందర పెట్టుకుని ఈ ముప్పై ఏడు అంగీకార పత్రాలు కంపెనీ ఆఫీసులో టైపు చేసినది నేనే, అన్నింటి మీద వేలిముద్ర వేసింది ఒక్కడే, ఎవరి ముందర చెప్పమన్నా చెప్తాను, ఇట్లు, బాల్‌రాజ్, కంప్యూటర్ రిపేరు, చేవెళ్ల."