మరచిపోలేని పేరు

"తప్పు జవాబు. ఇంకా నాలుగు అవకాశాలు ఉన్నాయి." తెర మీద మాటలు పైకి చదివి, కూతురు తలెత్తి తండ్రి వంక చూసింది. "నాన్నా, అమ్మ పేరు కాదట!"

తాళాలవాడి మొహం మాడిపోయింది. కొట్టుకీ వంటింటికీ మధ్య గడప మీద నిలబడి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్న భార్య, ఆ మాట విని తుడుచుకోవడం ఆపింది.

తెర మీది ప్రశ్న అలాగే ఉంది: 'మీరు జీవితంలో మరచిపోలేని వ్యక్తి పేరు?'

పొద్దున పాత కంప్యూటర్ చచ్చి ఊరుకుంది. పక్క కొట్టు టైలర్ని బతిమాలి తెచ్చిన లాప్‌టాప్‌లో తన మెయిల్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. తాళాలవాడికి అది గుర్తులేదు. గుర్తులేదంటే ఈ ప్రశ్న వేసింది. కాలేజీవాళ్ళు పంపిన ఇంటర్వ్యూ లింకు ఆ మెయిల్లోనే ఉంది. ఇంకో పావుగంటలో కూతురు అందులో కనబడకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. కాలేజీకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

"ఎక్కడైనా రాసిపెట్టుకోవచ్చుగా నాన్నా!"

"పాస్‌వర్డ్ రాసిపెట్టుకోవడమంటే, తలుపుకి తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించడమే," అన్నాడు అలవాటుగా. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పే మాటే.

"ఊరందరి తాళాలూ తీస్తావు. మన గుమ్మం ముందు మనమే నిలబడ్డాం చూడు."

"నానమ్మ పేరు కొట్టు."

తప్పు.

"అయితే నీ పేరే. సందేహం లేదు, కొట్టు."

కూతురు తన పేరు తనే కాస్త గర్వంగా కొట్టింది. అదీ తప్పే. "నేనూ కాదా?" అంది, నవ్వాలో నొచ్చుకోవాలో తెలియక. "రెండే మిగిలాయి నాన్నా. మా ముగ్గురం కాకపోతే ఇంకెవరున్నారు నీకు?"

తాళాలవాడికి అప్పుడు వెలిగింది. ఆ మెయిల్ అకౌంట్ తెరిచింది పెళ్ళికి ముందు. అప్పట్లో మరచిపోలేని మనిషంటే ఒక్కరే.

"నువ్వు లేమ్మా, నేను కొడతాను."

"నువ్వు ఒక్కో అక్షరం వెతికేసరికి తెల్లారుతుంది. పేరు చెప్పు చాలు."

అతను భార్య వైపు తిరిగాడు. "కాసిని మంచినీళ్ళు తెస్తావా?"

"సీసా మీ మోచేతి దగ్గరే ఉంది," అంది భార్య.

"నాన్నా, టైమైపోతోంది!"

తాళంచెవులు కోసే మెషీన్ మీద పేరుకున్న ఇత్తడి పొడి వంక చూస్తూ ఆ పేరు గొణిగాడు.

"ఏంటి? గట్టిగా చెప్పు, వినపడలేదు."

రెండోసారి గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఆ పేరు పైకి వినబడటం అదే మొదటిసారి. కూతురు ఎవరని అడగలేదు. తండ్రి మొహం చూడకుండా, గబగబా కొట్టేసింది.

తప్పు జవాబు. ఇంకా ఒక్క అవకాశమే ఉంది.

పరువూ పోయింది, పనీ కాలేదు. తాళాలవాడికి ఆ మెషీన్ కింద దూరి దాక్కోవాలనిపించింది. "అదంతా పెళ్ళికి ముందు సంగతి," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "ఆవిడ ఎక్కడుందో కూడా నాకు తెలీదు. ఒట్టు. నీతో చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను..."

భార్య దించిన తల ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

"అయిపోయింది," అంది కూతురు. "ఇంక వదిలేద్దాం అమ్మా. వచ్చే ఏడాది చూసుకుందాం."

భార్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. "లే," అంది కూతుర్ని. ఆ కుర్చీలో తను కూర్చుంది. "ఆ జవాబు పోయినేడు నేనే మార్చాను."

"నువ్వా!" అన్నారు తండ్రీ కూతుళ్ళు ఒక్కసారే.

"మీ స్కూల్లో తల్లిదండ్రులకి మీటింగ్ పెట్టారుగా. ఇంట్లోవాళ్ళ పేర్లు పెడితే దొంగలు ఇట్టే పట్టేస్తారన్నారు. ఎవరి ఊహకీ అందని పేరు, మనం మాత్రం మరచిపోని పేరు పెట్టుకోమన్నారు. పాత కంప్యూటర్లో మెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండేది కదా, ఇంటికొచ్చి మార్చేశాను."

తాళాలవాడికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. "ఆ ముక్క మొదట్లోనే ఏడిస్తే నీ సొమ్మేం పోయింది? పిల్ల ముందు నా చేత అంత మాట అనిపించేదాకా నోట్లో బెల్లం పెట్టుకుని నిలబడ్డావా? మనిషివేనా నువ్వు?"

"మీరిద్దరూ కాస్త అటు తిరగండి," అందామె.

"ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా! తొందరగా కొట్టు!"

ఆమె ఒక అక్షరం కొట్టి ఆగింది. మళ్ళీ కొట్టింది. కూతురు ఆగలేక తల్లి భుజం మీదుగా వంగింది. తాళాలవాడూ వంగాడు.

సరైన జవాబే అంది కంప్యూటర్. గడిలో ఇంకా చెరగని ఆ పేరు మాత్రం ఎవరో మగవాడిది.