పుట్టింటి కోడి

"నీ పుట్టింటి కోడే ఈ మాయదారి పురుగుల్ని మోసుకొచ్చింది," అన్నారు అత్తయ్య, చచ్చిన ఆరో కోడిని పాతిపెడుతూ.

అమ్మ పోయాక నాకు మిగిలింది ఆ కోడి ఒక్కటే. పిలిస్తే చాలు, దొడ్లో ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

పశువుల డాక్టరు చచ్చిన కోళ్ల పేగుల్లోంచి పురుగులు తీసి సీసాలో వేసుకున్నారు. "మీ కోడి పురుగులూ ఇస్తే పోల్చి చెప్తానమ్మా."

"అంటే కొయ్యాలాండీ?" అన్నాను.

"తప్పదు."

నింద పోతుందని నేనే పట్టిచ్చాను.

పది రోజులకు ఆయన మళ్లీ వచ్చారు. "రెండు సీసాల్లోని పురుగులూ చూపుకి ఒకేలా ఉన్నా వాటి వంశం వేరు, వీటి వంశం వేరు. మీ కోడి ఏ పాపం ఎరగదు."

అత్తయ్య నిట్టూర్చారు. "ఆ రోజే నోరు విప్పి వద్దనొచ్చుగా, పిచ్చిదానా."

ఆ రోజు నేను నోరు విప్పింది దాన్ని పిలవడానికే.