తువ్వాలు కింద బేరం

“చక్రాల కుర్చీ తెప్పిస్తే సరేసరి. లేకపోతే ఇక్కణ్ణించి ఒక్క అడుగు వెయ్యను!” అంటూ పార్కు గేటు పక్క అరుగు మీద చతికిలబడ్డారు భావనారాయణ గారు.

రాజరాజేశ్వరమ్మకు తల కొట్టేసినట్టయింది. “నిన్నటిదాకా బాగానే తిరిగారు కదండీ!”

“నిన్నటి సంగతి నిన్నటిదే. మోకాళ్లు చెప్పాపెట్టకుండా పోతాయి, ఏం చెయ్యను?”

ఆవిడ బాధ ఆవిడది. పెళ్లయిన ఏడాది తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కుతానంటే అత్తగారు కళ్లెర్రజేసింది. ఆ తర్వాత ఎప్పుడడిగినా ఈయనది ఒకటే పాట. “కాయ దిగే రోజులే, కొట్టు వదిలి ఎలా వస్తాను?” నూజివీడులో మామిడికాయల వ్యాపారికి వేసవిలో తీరికేం ఉంటుంది? అలా జుట్టు నెరిసిపోయింది. అలాంటి మనిషి ఇవాళ నడి సీజన్లో కొట్టు కొడుక్కి అప్పగించి, హనుమాన్ జంక్షన్ అవతల కొత్తగా కట్టిన ఈ పార్కుకి తనంతట తానే బయల్దేరదీశారు. తీరా వస్తే ఈ మోకాళ్ల గోల! పెద్ద రాట్నం చూస్తే పార్కుకి ఆ చివర, మిట్ట మీద ఉంది. పొద్దుగూకితే ఆపేస్తారట. ఇవాళ ఎక్కకపోతే ఈ జన్మకింక లేనట్టే అనిపించి ఆవిడకు ఏడుపొచ్చింది.

కుర్చీ వచ్చింది. తెచ్చిన పార్కు మేనేజరు సువర్ణరాజు, “మా మనిషి తోస్తాడులెండి, అమ్మగారికి శ్రమెందుకు?” అన్నాడు.

“వద్దు బాబూ! పరాయివాళ్లు తోస్తే నాకు కళ్లు తిరుగుతాయి. మా ఆవిడే తొయ్యాలి.”

“నేను తోస్తాలే తాతయ్యా,” అంది మనవరాలు అన్విత. ఇంజనీరింగ్ చదువుతోంది, కారు నడుపుకుంటూ వచ్చింది తనే.

“నీకు లైసెన్సు కారుకిచ్చారు, నాకు కాదు!”

“ఇన్నేళ్లు సంసారమే లాగాను, ఈ బండొక లెక్కా!” అని పిడులు గట్టిగా పట్టుకుంది రాజరాజేశ్వరమ్మ. పైకి విసుక్కున్నా లోపల మహా గర్వంగా ఉంది. చలికాలంలో జబ్బుపడి లేచినప్పుడు డాక్టరు తనకి చేతికర్ర రాశాడు. “కర్ర పట్టుకుని తిరగడానికి నేనేమన్నా ముసలిదాన్నా?” అని దాన్ని తీసుకెళ్లి పెరట్లో చిక్కుడు పాదుకి ఊతంగా పాతేసింది. అప్పటినుంచి గడప దాటలేదు, దాటే పనేం ఉందంది. ఇప్పుడు చూడండి, ఎవరు కూర్చున్నారో, ఎవరు తోస్తున్నారో!

భావనారాయణ గారు ఒళ్లో తువ్వాలు పరుచుకున్నారు. అన్విత పక్కన నడుస్తూ దాని కిందకి చెయ్యి పోనిచ్చింది. మార్కెట్లో పాతకాలం వ్యాపారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే ధర తేల్చుకుంటారు. ఆ బేరం చెయ్యి పట్టుకున్న ఇద్దరికే తెలుస్తుంది.

“ఏంటే ఆ బేరం?”

“ఐస్‌క్రీము నాన్నమ్మా. తాతయ్య ఒకటంటున్నారు, నేను రెండంటున్నా.”

నాలుగు బారలు వెళ్లారో లేదో, “ఆగు ఆగు! మోకాలు పీకేస్తోంది!” అని కేక. ఆగారు. ఆయన మూలుగు తగ్గేదాకా ఆవిడ బెంచీ మీద కూర్చుంది, ఆయన కోసమే. ఇంకాస్త పోగానే దాహమన్నారు. ఆ తర్వాత సిమెంటు డైనోసారు తనవంకే చూస్తోందన్నారు.

“దాన్ని చూసి భయమేస్తే ముందుకు పోవాలి గానీ, దాని ముందే ఆగుతారేంటండీ?”

“పరిచయం చేసుకుంటే భయం పోతుంది. నువ్వు కూర్చో.”

రాజరాజేశ్వరమ్మ కూర్చుని పళ్లు నూరింది. సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి జారుతున్నాడు. ఇంత దూరంలో తను ఒక్కసారైనా అలిసిపోయి ఆగిందా? ఎప్పుడు ఆగినా ఈయన వల్లే!

మిట్ట వచ్చింది. ఆయన రెండు చేతులూ చక్రాల మీద వేశారు.

“చేతులు తియ్యండి, నలుగుతాయి!”

“భయమే! పట్టుకుంటేగానీ కూర్చోలేను.”

బండి జర్రున ఎక్కింది. “చూశారా నా బలం!” అంది ఆవిడ.

“అబ్బో, నీకేం!” అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

కుర్చీ ఉన్నవాళ్లకు వరుసలో నిలబడే పని లేదట. నేరుగా ఎక్కించారు. రాట్నం పైకి లేస్తుంటే ఆయన కళ్లు గట్టిగా మూసుకుని గోవింద నామాలు అందుకున్నారు. ఆవిడ మాత్రం చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. పైకెళ్లాక దూరంగా మామిడితోటలు ముదురు పచ్చగా కనిపించాయి. “అదుగోనండీ మనూరు! ఒక్కసారి కళ్లు తెరవండి!” అంటూ ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఎంత సంతోషమేసిందంటే, అత్తగారిని కూడా క్షమించేసింది.

మళ్లీ గేటు దగ్గరికి చేరేసరికి దీపాలు పెట్టారు. కుర్చీ సువర్ణరాజుకి ఒప్పజెప్పేశారు. అన్విత కారు తేవడానికి వెళ్లింది. ఆయన చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుని మోకాళ్లు రాసుకుంటున్నారు.

“మీరు కదలకండి. కారు ఇక్కడిదాకా తెమ్మని చెప్పొస్తా,” అని రాజరాజేశ్వరమ్మ విసవిసా బయల్దేరింది.

ఊతానికి ఏదీ లేదు. కాలు తడబడింది, నేల గిర్రున తిరిగింది. ‘పడ్డాన్రా దేవుడా’ అనుకునేలోపే ఎవరో వెనకనుంచి పరుగున వచ్చి ఒడిసి పట్టుకున్నారు.

“బతికించావు నాయనా సువర్ణరాజూ!” అంటూ తిరిగి చూసింది.

భావనారాయణ గారు! చెప్పులు అరుగు దగ్గరే ఉన్నాయి.

“మీ... మీ మోకాళ్లు?”

“వాటికేం, గుండ్రాళ్లలా ఉన్నాయి.”

“మరి ఆ తువ్వాలు కింద బేరం?”

“నీకు ఆయాసం వచ్చినప్పుడల్లా అన్విత నన్ను గిల్లేది.”

కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి ఆవిడకి. “ఎందుకండీ ఈ వేషాలన్నీ?”

“కర్ర పట్టుకోనన్నావుగా, కుర్చీ పట్టించాను.”