వంతపాట జాగా

"నా పాట కోసేసినవ్ బిడ్డా," అంది రాములవ్వ.

నాట్ల పాటలు రికార్డు చేయడానికి బోధన్ నుంచి కోటగిరి వచ్చిన సింధూజ, పాట వినిపిస్తున్న ఫోన్ ఆపింది. "పాట కొయ్యలే అవ్వా. మధ్యల నువ్వు ఊకున్న జాగలే తీసేసిన."

"గా జాగలల్ల నాతోని నాట్లేసే సాయవ్వ వంత పాడేది. పోయి మూడేండ్లాయె. నేనింకా ఆగుతనే ఉన్న."

సింధూజ ఆ ఖాళీలన్నీ తిరిగి పెట్టింది. "పాట నెట్‌ల పెడుతున్న. నీ పేరు చెప్పి ఎవరన్నా వాడుకోవచ్చు. మార్చొద్దని రాయాల్నా?"

"మారిస్తే ఏమైతది?"

"ఎవరన్నా గా జాగలల్ల తమ గొంతు కలుపుతరు."

రాములవ్వ పొలం గట్టు వైపు చూసింది.

"మార్చుకోమనే రాయి. ఎవరన్నా కలిపితే, ఒక్కపారి నాకు ఇనిపియ్యి."