సెలవు మాట

“ఆ మాటకు అర్థం ఏమిటో సరిగ్గా చెప్పు లోహితా. ఆమె సీటు దాని మీదే ఆధారపడి ఉంది,” అంది ఓర్లా.

ఇండియాకి దూరంగా, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని ఆ కాలేజీలో, చదువు మధ్యలో ఆగిపోయేలా ఉన్న విద్యార్థులకు అండగా నిలిచే విభాగానికి ఓర్లా పెద్ద. లోహిత ఆమె దగ్గర పనిచేస్తోంది. ఇప్పుడు ఇద్దరి మధ్యా నలుగుతున్నది ప్రభావతి సంగతి.

ప్రభావతిని కాలేజీకి తెచ్చింది లోహితే. వేసవిలో షాపింగ్ సెంటర్లో కాలేజీ తరఫున బల్ల వేసుకుని కూర్చున్నప్పుడు, ఒకావిడ చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి దగ్గరకొచ్చింది.

“తెలుగమ్మాయివా?”

“అవునాంటీ. కోర్సులు చూస్తారా?”

“నాకెందుకులే అమ్మా. మా అబ్బాయి కోసం అడుగుతున్నా.”

“బాబు ఏజ్ ఎంత?”

“ఏడు.”

ఇద్దరికీ నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. హాస్పిటల్లో రోగులను చూసుకునే పని నేర్పే కోర్సులో చేరింది. భర్త హేమచంద్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆయన కారులో తప్ప గడప దాటని ప్రభావతి, వర్షంలో ఒక్కతే బస్సెక్కి రావడం మొదలుపెట్టింది. మంచం పట్టినవాళ్లను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం క్లాసులో అందరికంటే ముందు ఆమెకే పట్టుబడింది. “ఇక్కడికొస్తే నన్ను నా పేరు పెట్టి పిలుస్తారమ్మా,” అని ఒకసారి లోహితతో అంది.

దీపావళి వెళ్లాక, వాళ్ల దగ్గరే ఉంటున్న ఆమె మామగారు శేషయ్య బాత్రూంలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆ మర్నాడు ప్రభావతి తడిసిన కోటుతోనే లోహిత గదికి వచ్చింది.

“మామయ్యగారికి ఆపరేషనమ్మా. ఈయనకి సెలవు దొరకట్లేదు. చూసుకోడానికి నేనొక్కదాన్నే.”

“అయ్యో! మీరు వర్రీ అవ్వకండి ఆంటీ. ముందు తాతగారిని చూసుకోండి.”

“అంతే కదమ్మా.” తలుపు దాకా వెళ్లి ఆగింది. “మరి, వస్తానమ్మా.”

“సరే ఆంటీ, టేక్ కేర్.”

ఆమె ఇంకా అక్కడే నిలబడింది. “వస్తాను,” అంది మళ్లీ.

లోహిత కంప్యూటర్ మీంచి చూపు తిప్పి చెయ్యి ఊపింది.

ఆ తర్వాత ఆమె క్లాసుకి రాలేదు. రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. హాస్పిటల్ గొడవలో ఉన్న మనిషిని మాటిమాటికీ విసిగించడం బాగుండదని లోహిత ఊరుకుంది.

“తిరిగి వస్తానని మనలో ఎవరికి నోటిమాటగా చెప్పినా చాలు, సీటు అట్టే పెడతాను,” అంది ఓర్లా. “చెప్పకపోతే ఆయేషాకి ఇచ్చెయ్యాలి. ఆ అమ్మాయి కోర్సు మొదలైనప్పటి నుంచీ కాచుకుని ఉంది. చెప్పు, వెళ్లేటప్పుడు ఆమె ఏమంది?”

“‘వస్తాను’ అంది.”

“అంటే?”

“ఐ విల్ కమ్.”

“గ్రాండ్!” ఓర్లా ముఖం విప్పారింది. “ఇంకేం, ఉంచేద్దాం.”

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ లోహితకు అబద్ధం చెప్పినట్టనిపించింది. చిన్నప్పుడు సెలవులకు ఇండియా వెళ్లి, చుట్టాలింట్లో “పోతున్నా” అన్నందుకు అమ్మ అనూరాధ వీపు మీద ఒక్కటిచ్చింది. “పోతున్నా ఏంటే, వస్తానని చెప్పు!” “మళ్లీ రాం కదా మమ్మీ?” “రాకపోయినా వస్తాననే అనాలి!”

“కాదు ఓర్లా,” అంది లోహిత. “మా భాషలో వెళ్లేవాళ్లంతా ఆ మాటే అంటారు. వెళ్తున్నాను అనకూడదు. అది ‘బై’ చెప్పడం, అంతే.”

“ఎంత అందమైన అలవాటు!” అంది ఓర్లా. ఆ తర్వాత గొంతు తగ్గించింది. “ఖాయమేనా?”

లోహిత బయటికి వెళ్లి అమ్మకు ఫోన్ చేసింది.

“వస్తానంటే వెళ్తున్నాననే కదే! ఈ మాత్రం తెలీదూ?” అంది అనూరాధ. “అయినా మామగారు మంచాన పడ్డాక కోడలికి చదువేంటి? మొహమాటపడి చెప్పలేకపోయుంటుంది, పాపం.”

లోహిత లోపలికొచ్చి, “ఖాయమే,” అంది.

సోమవారం ఆయేషా చేరింది. కిటికీ పక్కన ప్రభావతి కూర్చునే కుర్చీలో, పారేసుకున్న వస్తువు దొరికినట్టు రెండు చేతులతో బల్ల పట్టుకుని కూర్చుంది.

“ఇంట్లో అందరికీ చెప్పేశాను. ఇంక నన్ను పంపెయ్యరు కదా?” అని అడిగింది.

“పంపం. అది నీ సీటే,” అంది లోహిత.

ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. లోహితకు సంతోషంగానూ ఉంది, దిగులుగానూ ఉంది. ప్రభావతిని ఇక్కడిదాకా తీసుకురాగలిగింది కానీ నిలబెట్టుకోలేకపోయింది. ఆ రోజు లేచి తలుపు దాకా వెళ్లి, ఒక్క మాట గట్టిగా అడిగి ఉండాల్సింది. ఆమె ఇంట్లోవాళ్లను ఒప్పించి ఉండాల్సింది. ఇంక అనుకుని ఏం లాభం?

వెనక, గుమ్మం దగ్గర ఎవరో తడి బూట్లు కాళ్లు తుడుచుకునే పట్టా మీద రాస్తున్న చప్పుడైంది. లోహిత తిరిగి చూసింది.

“వచ్చానమ్మా,” అంది ప్రభావతి.