కారు తాతయ్య తాళాలు

ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లంతా తలకిందులైంది. చివరికి బియ్యం డబ్బా కూడా బోర్లించారు. కారు తాళాలు దొరకలేదు.

"రేపు ఏడింటికల్లా పిల్లలు గుమ్మాల్లో నిలబడతారే! నేనేం చెయ్యను?" అన్నాడు కారు తాతయ్య, మంచం అంచున కూలబడి.

ఆ పేరు పిల్లలు పెట్టిందే. ఇరవై ఆరేళ్లుగా చుట్టుపక్కల వీధుల పిల్లల్ని తన పాత కారులో బడికి దింపి, సాయంత్రం ఇళ్లకు చేరుస్తున్నాడు. ఇప్పుడు ఏడుగురు. వెనక సీట్లో ఎవరు ఎవరి జడ లాగారో, తల తిప్పకుండా గొంతును బట్టే చెప్పేస్తాడు. ఆయనకూ భార్యకూ పిల్లలు లేరు. ఆ ఏడుగురే లోకం.

శుక్రవారం సాయంత్రం తాళం మేకుకు తగిలించాడు. శనివారం లేచేసరికి లేదు. రెండో తాళం బీరువాలో, భార్య చీరల కింద ఉండాలి. అదీ లేదు.

భార్య కూడా ఆయనతో పాటే ఇల్లంతా గాలించింది. మంచాల కింద దూరింది. చీపురుపుల్లతో సోఫా సందులు పొడిచింది. రెండు రోజులుగా ఆమెకు ముద్ద దిగడం లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ రకం కార్లు ఆగిపోయి పదిహేనేళ్లయింది, వాటి తాళాలు మా దగ్గర ఉండవన్నారు. పాత సామాన్ల కొట్టువాడైతే నవ్వేశాడు. ఆఖరికి పక్కింటాయన, తాళాలు చేసే అతని నంబరొకటి చెప్పాడు. ఫోన్‌లో ఆమే నొక్కింది. ఒకసారి తప్పు పోయింది. రెండోసారీ తప్పే పోయింది. మూడోసారి కారు తాతయ్య ఒక్కో అంకే పైకి చెబుతూ నొక్కించాడు.

తాళాలతను గంటలో స్కూటర్ మీద వచ్చాడు.

"రెండూ ఒకేసారి పోయాయా?" అన్నాడు పెట్టె దించుతూ. "ఇరవై ఏళ్ల నుంచి ఇదే పనిలో ఉన్నాను. మేకున ఉన్నదీ బీరువాలో ఉన్నదీ కూడబలుక్కుని పోవడం మాత్రం ఇదే చూడటం!"

"నా ఖర్మ నాయనా. ఎలాగైనా చేసిపెట్టు. నీకు పుణ్యముంటుంది."

అతను పళ్లు లేని తాళంచెవి ఒకటి తీసి డోరులో పెట్టాడు. మెల్లగా అటూ ఇటూ కదిపి, బయటికి లాగి, ఎండకు పట్టి చూశాడు. లోపలి ఒత్తిడికి దాని మీద సన్నటి గుర్తులు పడ్డాయి. గుర్తు పడ్డ చోట ఆకురాయితో రెండు సార్లు రాశాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు.

"అవుతుందా?" అంది ఆమె.

"చూద్దామమ్మా."

పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. "ఇంత పాత కారుకు అవుతుందా బాబూ?"

"ఆయనకన్నా మీ హడావిడే ఎక్కువగా ఉందే! కాసిని మంచినీళ్లు తాగి కూర్చోండమ్మా."

ఆమె మెట్టు మీద కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆకురాయి కదిలినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

గంట తర్వాత డోరు టక్కుమంది. కారు తాతయ్య చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆమె లేచి గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"స్టీరింగు దగ్గరా ఇదే తాళం. ఇంకాస్త రాస్తే చాలు," అన్నాడు తాళాలతను. "ఈలోగా బండి కాగితం ఒకసారి చూపించండి పెద్దాయనా. ఎవరి కారో చూసుకోకుండా తాళం చేతికిస్తే రేపు నన్ను పట్టుకుంటారు."

కారు తాతయ్య గబగబా లోపలికెళ్లి ఫైలు తెచ్చాడు. అందులోంచి కాగితం ఒకటి లాగి గర్వంగా చాచాడు.

"చూసుకో నాయనా. కొన్న రోజు నుంచీ నా పేరు మీదే ఉంది."

అది పోయిన నెల కరెంటు బిల్లు.

తాళాలతను బిల్లు వంక చూశాడు. పెద్దాయన ముఖం వంక చూశాడు. ఆ ముఖంలో నవ్వు అలాగే ఉంది. వెనక గుమ్మంలో ఆమె రెండు చేతులూ జోడించి నిలబడింది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

"సరిపోయిందా?"

"సరిపోయింది పెద్దాయనా," అని కాగితం మడిచి ఇచ్చేశాడు.

తర్వాత డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగు కింద తాళం పెట్టాడు. చాలాసేపు వంగి ఉన్నాడు. లేచి, తల అడ్డంగా ఊపాడు.

"ఏమైంది నాయనా? మాట్లాడవేం?" అన్నాడు పక్కనే నిలబడ్డ కారు తాతయ్య.

"లాభం లేదు పెద్దాయనా. దీనికిక తాళం పుట్టదు. నేనే కాదు, ఎవరొచ్చినా ఇంతే. ఇంకెవరినీ పిలవకండి."

పెద్దాయన బానెట్ మీద తల పెట్టి బావురుమన్నాడు. "ఈ వయసులో ఇంకో బండి నా చేతికెవరిస్తారే? రేపు పిల్లలకేం చెప్పను?"

ఆమె ఆయన్ని పొదివి పట్టుకుంది. "నేను చెబుతానండీ. ఇంటింటికీ వెళ్లి నేనే చెబుతాను," అంటూ తనూ ఏడ్చింది. మెల్లగా లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టింది.

బయటికొచ్చేసరికి తాళాలతను పెట్టె సర్దుకుని గేటు దగ్గర ఉన్నాడు. ఆమె ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదు. ఒకసారి ఇంటి వైపు చూసి, ఆమె అరచేతిలో ఏదో పెట్టి, వేళ్లు మూశాడు.

"తాళం పనిచేస్తుందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "కానీ ఆయన కళ్ల సంగతి నాకర్థమైంది, అందుకని మొదటి రెండూ మీరెక్కడ పారేశారో దీన్నీ అక్కడే పారేయండి."